గూడ్స్ పెట్టెలన్నీ ఒకటే కాదన్నా!

రైలు మోడళ్లు చేసే మన తిరుపతి, చిత్తూరు గుంపుల్లో ఒక పోస్టు తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: పాతకాలం గూడ్స్ బండి మోడల్ చేసేదానికి పరిశోధన అక్కర్లేదు. గూడ్స్ పెట్టెలన్నీ ఒకటే. తుప్పు రంగు వేసి, మనది దక్షిణ మధ్య రైల్వే కాబట్టి ఆ గుర్తు రాసి, అంచుదాకా సరుకు నింపితే సరి. అమెరికావాళ్లకైతే రికార్డులుంటాయి, మనకేముంది? తప్పని ఎవరూ నిరూపించలేరు. దీని కింద ‘1975 నాటి చిత్తూరు గూడ్స్ షెడ్’ అని ఒక మోడల్ ఫొటో. బాక్స్‌ఎన్ వాగన్లు, అంటే పైకప్పు లేని గూడ్స్ పెట్టెలు, వరసగా నిలబడి ఉన్నాయి. ఒకదాంట్లో బెల్లం దిమ్మెలు, ఇంకోదాంట్లో ముగ్గురాయి, రెండూ పైదాకా.

చేసిన అన్న పనితనానికి వంక పెట్టలేను. షెడ్డు పెంకులు, గోడ మీద వాన చారలు చూస్తే ముచ్చటేస్తుంది. గొడవంతా ఫొటోతో పాటు పంచుతున్న ఆ మాటలతోనే. కొత్తగా ఈ పనిలోకి దిగిన పిల్లలు వాటిని పట్టుకుని తయారవుతున్నారు.

‘పెట్టెలన్నీ ఒకటే’ అన్న దానికి జవాబు చిత్తూరు స్టేషన్లోనే ఉంది. విల్లుపురం నుంచి కాట్పాడి, చిత్తూరు, పాకాల మీదుగా ధర్మవరం పోయే లైను 1890ల మొదట్లో సౌత్ ఇండియన్ రైల్వే వేసిన మీటర్ గేజ్. పాకాల నుంచి తిరుపతి, రేణిగుంట మీదుగా గూడూరు వైపు వేసిందీ మీటర్ గేజే. 1975లో చిత్తూరు స్టేషన్లో రెండు పట్టాల మధ్య దూరం సరిగ్గా ఒక మీటరు. బాక్స్‌ఎన్ ఏమో 1676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజ్ వాగన్. అది చిత్తూరు రావాలంటే లారీ ఎక్కి రావాల్సిందే.

రెండు గేజుల పెట్టెలూ పక్కపక్కన పెట్టుకోవాలని సరదా ఉంటే దానికి చోటు రేణిగుంట. మద్రాసు రైల్వే వాళ్ల బ్రాడ్ గేజ్ దారి అక్కడ మీటర్ గేజ్‌ను కలిసేది. అరక్కోణం, రేణిగుంట, కడప, గుంతకల్ మీదుగా పోయి, 1871లో రాయచూరు దగ్గర బొంబాయి లైనుతో ముడిపడిన దారి అది. ఒక గేజ్ పెట్టె ఇంకో గేజ్ మీద నడవదు కాబట్టి, చిత్తూరు బెల్లం బ్రాడ్ గేజ్ మీద దూరం పోవాలంటే ఏదో ఒక జంక్షన్లో కూలీల వీపుల మీద పెట్టె మారక తప్పదు. మోడల్ చేసేవాడికి ఇంతకంటే మంచి దృశ్యం ఏం కావాలి? ఎదురెదురుగా రెండు పెట్టెలు, ఒకటి ఇరుకు, ఒకటి వెడల్పు, మధ్యలో గోతాలు. దీన్ని వదిలేసి అన్నీ ఒకటే అనుకుంటే నష్టం మనకే.

పాత ఫొటోలో పట్టాలు కనబడకపోతే గేజ్ ఎట్లా తెలుస్తుందని అడుగుతారు. బఫర్లు చూడండి, అంటే పక్క పెట్టె తగిలితే అదురు ఆపేదానికి కొసన ఉండే దిమ్మెలు. పాత బ్రాడ్ గేజ్ నాలుగు చక్రాల పెట్టెకు కొసన అటొకటి ఇటొకటి రెండు బఫర్లు, మధ్యలో పెట్టెల్ని కలిపి బిగించే స్క్రూ కప్లింగు ఉంటాయి. మీటర్ గేజ్ పెట్టెకు మధ్యలో ఒకే బఫర్. పెళ్లివాళ్లు ప్లాట్‌ఫారం మీద దిగిన గ్రూపు ఫొటోలో, వెనకాల అర చెయ్యంత పెట్టె కొస కనబడినా ఈ ఒక్క తేడాతో గేజ్ తేలిపోతుంది.

స్కేలు మాట కూడా ఇక్కడే చెప్పాలి. హెచ్‌ఓ స్కేలు అంటే 87వ వంతు. బజారులో దొరికే 16.5 మి.మీ. హెచ్‌ఓ పట్టాలు 1435 మి.మీ. గేజ్‌కు లెక్కగట్టినవి, అంటే అమెరికా, ఐరోపా వాళ్లవి. మన బ్రాడ్ గేజ్ ఆ లెక్కన 19 మి.మీ. దాటాలి. మన మీటర్ గేజ్ 11.5 మి.మీ. అవుతుంది, బజారులో దొరికే 12 మి.మీ. పట్టాలు దానికి దాదాపు సరిపోతాయి. అంటే ఈ జిల్లా పాత లైను చేసుకునేవాడికే బ్రాడ్ గేజ్ వాడికన్నా పని సులువు. ఈ సంగతి ఎవరూ చెప్పరెందుకో.

సరే, గేజ్ సంగతి మరిచిపోయి ఆ షెడ్డును రేణిగుంట అనుకుందాం. అయినా 1975కు బాక్స్‌ఎన్ కుదరదు. అది 1980లలో వచ్చిన ఎయిర్ బ్రేకు వాగన్, గాలి ఒత్తిడితో బ్రేకు పడుతుంది. దానికి ముందుది బాక్స్, గొట్టంలోంచి గాలి లాగేసి నడిపే వాక్యూమ్ బ్రేకుది. పొడవు చూస్తే బాక్స్ 13.7 మీటర్లు, బాక్స్‌ఎన్ 10.7 మీటర్లు. స్టేషన్లో బండి పక్కకు ఆగే లూప్ లైను ఒకే పొడవున్నా దాంట్లో ఎక్కువ పెట్టెలు, ఎక్కువ సరుకు పట్టించేదానికి కుదించారు. హెచ్‌ఓలో ఆ తేడా మూడు సెంటీమీటర్లు పైనే. గుడ్డివాడికి కూడా చేతికి తగులుతుంది. ఇంక అదే బండిలో వాక్యూమ్ గొట్టాల నాలుగు చక్రాల పెట్టెలు కలిపితే బ్రేకు దేనికి పనిచేస్తుందో ఆ అన్నే చెప్పాలి.

నాకు బాగా మంటెక్కించింది మాత్రం ‘అంచుదాకా నింపితే సరి’ అన్న మాట. ఈ పనిలో అసలు రుచంతా సరుకులోనే ఉంది.

ఓబులవారిపల్లె మండలం మంగంపేట ముగ్గురాయినే తీసుకుందాం. మన రేణిగుంట-కడప దారి పక్కదే. ఈ రాయి సాంద్రత నీటికి నాలుగు రెట్లకు పైమాట. అందుకే చమురు బావులు తవ్వేటప్పుడు బురదను బరువెక్కించేదానికి ప్రపంచమంతా దీన్ని కొంటుంది. రాళ్ల మధ్య ఖాళీలు పోనిచ్చినా ఘనపు మీటరుకు రెండున్నర టన్నుల చుట్టూ తూగుతుంది. బాక్స్‌ఎన్ లోపలి కొలతలు పొడవు 9.78, వెడల్పు 2.95, ఎత్తు 1.95 మీటర్లు. గుణిస్తే 56 ఘనపు మీటర్లు. అంచుదాకా ముగ్గురాయి పోస్తే 140 టన్నులవుతుంది. ఆ వాగన్ మోయాల్సింది 58.8 టన్నులు. ఫొటోలో ఉన్నట్టు నింపితే అది కదిలే లోపలే స్ప్రింగులు కూర్చుంటాయి.

మరి నిజమైన లోడు ఎంత ఎత్తుంటుంది? 58.8ని రెండున్నరతో భాగిస్తే ఇరవై మూడున్నర ఘనపు మీటర్లు. నేల మీద సమంగా పరిస్తే 80 సెంటీమీటర్లకు కాస్త పైన, అంటే పెట్టె గోడలో ఐదింట రెండు వంతులు. హెచ్‌ఓలో 22 మి.మీ. గోడకు తొమ్మిది మి.మీ. సరుకు. ప్లాట్‌ఫారం మీద నిలబడినవాడికి లోడు కనబడనే కనబడదు, ఓవర్ బ్రిడ్జి ఎక్కితే తెలుస్తుంది. ఇనుప ఖనిజం కథా ఇంతే. బొగ్గు దీనికి పూర్తిగా ఎదురు. ఘనపు మీటరుకు టన్ను కూడా తూగదు కాబట్టి పెట్టె నిండి పైన గుట్ట కట్టినా బరువు హద్దు లోపలే ఉండొచ్చు. కాబట్టి మోడల్లో బొగ్గు గుట్టగా, ముగ్గురాయి అడుగున. ఈ రెండూ తారుమారైతే తూకం తెలిసినవాడు దూరం నుంచే నవ్వుతాడు.

చేసేటప్పుడు అడుగున థర్మకోల్ ముక్క అతికించి, పైన బూడిద రంగు రాతి పొడి జిగురుతో చల్లుకోండి. మంగంపేట రాయి బూడిద రంగుదే. అసలు ముగ్గురాయే దొరికింది కదా అని పొడి కొట్టి నింపితే మోడల్ పెట్టె కూడా ఇంజనుకు భారమవుతుంది.

శెనక్కాయల లెక్క ఇంకో తీరు. తొక్కతో ఉన్న కాయలు ఎంత తేలికంటే, నాలుగు చక్రాల మూత పెట్టెలో గోతాలు కప్పుకు తగిలినా బరువు పరిమితి మిగిలే ఉంటుంది. రాయలసీమ శెనక్కాయ బస్తా పెట్టెను చోటు కొద్దీ నింపుతుంది, ముగ్గురాయి బరువు కొద్దీ నింపుతుంది. ఏ సరుకుకు ఏది ముందు చేరుతుందో తెలుసుకుంటే లోడు ఎత్తు దానంతట అదే తేలుతుంది, ఊహించే పని లేదు.

బెల్లాన్ని నెత్తి మీద కప్పు లేని వాగన్‌కెక్కించడం ఏ వ్యాపారీ ఒప్పుకోడు. మన చిత్తూరు ఎండకు మెత్తబడి, ఒక్క వానకు కరిగి కారిపోయే సరుకది. మూత పెట్టెలో వేసి, తలుపులు మూసి, సీలు వేసి పంపాల్సిందే. అప్పుడు మోడల్లో లోడు కనబడదు కదా అంటే నిజమే. కనబడేది తలుపు బయట. ప్లాట్‌ఫారం మీద ఇంకా ఎక్కించని గోతాలు, ఎద్దుల బండి, పెట్టె పక్కన బిగించిన వాగన్ లేబుల్, సుద్దతో గీసిన గీతలు. తలుపు ఒక్కటి తెరిచి పెట్టి లోపల నాలుగు వరసల గోతాలు చూపితే చాలు, వెనకాల అంతా ఖాళీగా ఉన్నా ఎవరికీ తెలీదు. (ఇక్కడ మాత్రం మోసం చేయొచ్చు.)

రైల్వే గుర్తు విషయం. రేణిగుంట, తిరుపతి, పాకాల ఉన్న గుంతకల్ డివిజన్ దక్షిణ మధ్య రైల్వేలోకి వచ్చింది 1977 అక్టోబరు 2న. 1966లో ఆ జోన్ పుట్టినప్పుడు ఈ డివిజన్ అందులో లేదు. 1975లో ఇది దక్షిణ రైల్వే. 1951 ఏప్రిల్ 14కు ముందు అదీ లేదు, ఇటు సౌత్ ఇండియన్ రైల్వే, అటు మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే. 2019లో విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా జోన్ ప్రకటించారు కాబట్టి రేపటి పిల్లలకు ఇంకో మెలిక సిద్ధంగా ఉంది.

పోనీ తేదీ సరిచేసి అన్ని పెట్టెల మీదా దక్షిణ రైల్వే అని రాసినా తప్పే. మామూలు బ్రాడ్ గేజ్ వాగన్లు అన్ని రైల్వేలకూ ఉమ్మడి పూల్‌లో తిరిగేవి. మద్రాసు నుంచి వచ్చిన పెట్టె ఖాళీ అయ్యాక దగ్గర్లో ఎక్కడ లోడు దొరికితే అక్కడికి పోయేది, సొంతూరికి పోవాలన్న నియమం లేదు. అందుకే రేణిగుంట యార్డులో మధ్య రైల్వేదీ, తూర్పు రైల్వేదీ, పశ్చిమ రైల్వేదీ కలగలిసి ఉండాలి. అమెరికాలోనూ పెట్టెలు కలగలిసే తిరిగేవి. శాంటా ఫే రైల్వే లైను మీద బండిలో పెన్సిల్వేనియా రైల్వే పెట్టెలు కనబడేవి. అక్కడి మోడలర్లు సొంత రైల్వే పెట్టెలతోనే బండి నింపకుండా, దేశం మొత్తంలో ఏ రైల్వేకి ఎన్ని పెట్టెలున్నాయో ఆ నిష్పత్తి చూసుకుంటారు. ఆ పద్ధతి మనకూ పనికొస్తుంది.

రంగు గురించి ఎక్కువ చెప్పను. అన్ని పెట్టెలూ ఒకే డబ్బాలోంచి పూసినట్టు ఉండవు. ఒక్కోటి ఒక్కో ఏడాది వర్క్‌షాపుకు పోయొచ్చింది. ఆ తేదీ, షాపు గుర్తు, మళ్లీ రావాల్సిన తేదీ పెట్టె మీదే రాసి ఉంటాయి. నిన్న పూసినదాని పక్కన మూడేళ్ల దుమ్ము తిన్నది పెట్టండి.

చివరగా ఆ ‘రికార్డులు లేవు’ అన్న మాట. అమెరికావాళ్లకు 1880ల నుంచి ఏ రైల్వేకు ఏ నంబర్ల పెట్టెలు, ఏ కొలతలతో ఉన్నాయో అచ్చువేసిన రిజిస్టరు ఉంది, ఒప్పుకుంటాను. మనకూ ఇండియన్ రైల్వే కాన్ఫరెన్స్ అసోసియేషన్ నియమావళి ఉంది, మూడో భాగమంతా గూడ్స్ వాగన్ల మీదే. వాళ్లదే గూడ్స్ టారిఫ్‌లో, అంటే సరుకు కిరాయిల పుస్తకంలో, ఏ సరుకుకు పెట్టెకు కనీసం ఎంత బరువు లెక్కగడతారో ఉంటుంది. శెనక్కాయ, ముగ్గురాయి తేడా అక్కడ అంకెల్లో దొరుకుతుంది. లక్నోలోని రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌ఓ వాగన్ డ్రాయింగులున్నాయి. రైల్వేల వార్షిక నివేదికలున్నాయి.

మనవాళ్లు వెతికి, దొరకలేదని చేతులెత్తేసేదానికి ఒక కారణం ఉంది. చిత్తూరు జిల్లా పుట్టింది 1911లో. అంతకు ముందు చిత్తూరు, చంద్రగిరి ఉత్తర ఆర్కాటు జిల్లాలోవి, మదనపల్లె కడప జిల్లాది. 1891 నాటి చిత్తూరు రైలు కాగితం చిత్తూరు పేరుతో వెతికితే ఎక్కడ దొరుకుతుంది? ఉత్తర ఆర్కాటు కట్టలు విప్పండి, అవి ఉండే చోటు చెన్నై ఎగ్మోరులోని ఆర్కైవ్స్. ఇంక ఊళ్లో రిటైరైన గూడ్స్ క్లర్కులు, గార్డులు ఉన్నారు. వాళ్లను ‘ఏం సరుకు పోయేది?’ అని అడిగితే ‘అన్నీ పోయేవి నాయనా’ అంటారు. ‘ఏ నెలలో పెట్టెలు చాలక కొట్లాట జరిగేది?’ అని అడగండి, గంట సేపు చెబుతారు.

ఇవాళ్టి సరుకుకైతే ఆ కష్టం కూడా లేదు. 2020 మార్చి నుంచి రేణిగుంట నుంచి ఢిల్లీ హజ్రత్ నిజాముద్దీన్‌కు పాల ట్యాంకర్ల బండి పోతోంది, దూద్ దురంతో. ట్యాంకరుకు 40 వేల లీటర్లు. ఇప్పటి గూడ్స్ వాగన్ మీద పదకొండు అంకెల నంబరు ఉంటుంది, ఫొటో తీసుకుని చదవండి. మొదటి రెండు వాగన్ రకం, తర్వాత రెండు సొంతదారు రైల్వే, ఐదు ఆరు తయారైన ఏడాది, తర్వాత నాలుగు దాని సొంత నంబరు, ఆఖరుది సరిచూసే అంకె. ఈ పద్ధతి 2000ల మొదట్లో వచ్చింది. 1975 మోడల్ మీద పదకొండు అంకెలు కనబడితే, తప్పని నిరూపించేదానికి ఆ నంబరొక్కటే చాలు.