దేవుడి గూట్లో కొలువైన రూపాయి బిళ్ళ గారికి

అయ్యా,

తమరు చిల్లరలో మా ఇంటికొచ్చినప్పటి నుంచి మా బాబాయి గారు కాలు నిలవనివ్వడం లేదు. అంచు తెగిన రూపాయికి లక్షలొస్తాయని ఎవరో చెప్పారట. తమర్ని పసుపు గుడ్డలో చుట్టి దేవుడి గూట్లో పెట్టారు. పొలం పట్టా కాగితాలకే అంత మర్యాద లేదండి.

తమరి జాతకం కాస్త తేల్చుకుందాం. సంవత్సరం కింద నక్షత్రం ఉందని బాబాయి మురిసిపోతున్నారు. ఆయ్, అది హైదరాబాద్ టంకశాల గుర్తండి! ముంబయి బిళ్ళకు వజ్రం, నోయిడా బిళ్ళకు గుండ్రటి చుక్క. కోల్‌కతా వాళ్లు అసలు గుర్తే వేసుకోరు. నక్షత్రం బిళ్ళలు రావులపాలెంలో ఏ టీ కొట్టు గల్లాలోనైనా దొరుకుతాయి.

ఇక అంచున ఆ నెలవంక కోత. రేకులోంచి బిళ్ళ కత్తిరించేటప్పుడు గురి తప్పితే అలాంటి కోత పడే మాట నిజమే. అయితే అలా పుట్టిన బిళ్ళకు చాలాసార్లు కోతకు సరిగ్గా ఎదురుగా ఉన్న అంచు కూడా పలచబడి, తేలిపోయి ఉంటుంది. అచ్చు పడకముందు బిళ్ళకు అంచు లేపే యంత్రంలో అటు ఒత్తిడి సరిగా పడదు మరి. తమరి ఎదురంచు నిక్షేపంగా ఉంది. కోత మీద ఆకురాయి గీతలు తళతళలాడుతున్నాయి. అంటే తమరు పుట్టింది టంకశాలలోనే, ఈ వేషం మాత్రం వర్క్‌షాపులో వేయించుకున్నారు.

వెనక తిరగబడి లోపలికి దిగిన ఆ అంకె కూడా అంతే. ముందు కొట్టిన బిళ్ళ అచ్చుకు అతుక్కుపోతే తర్వాతి దాని మీద అలాంటి ముద్ర పడుతుంది కానీ, రెండో వైపు మామూలుగానే ఉండాలి. తమరి రెండో వైపు చదునైపోయింది. ఎవరో ఇంకో బిళ్ళతో కలిపి వర్క్‌షాపు పట్టుకారులో (వైస్‌లో) బిగించారు.

టంకశాల తప్పు చేస్తే అపురూపమట, మనం చేస్తే పాడు చేయడమట. ఆ న్యాయం నాకూ మింగుడుపడదు, కానీ కొనేవాళ్ల లెక్క అదే. రాజమండ్రి వంతెన మీద రైల్లోంచి దండం పెట్టి విసిరిన తమరి తోబుట్టువుల్ని గోదారిలోంచి అయస్కాంతంతో లాగే కుర్రాళ్లు నయం. మొహం అరిగినా రూపాయిని రూపాయిగానే ఖర్చు పెడతారు.

తమర్ని కొంటానన్న పెద్దమనిషి ముందుగా ఫీజూ పన్నూ కట్టమన్నాడు. పాత నాణేల పేరుతో, తన పేరు వాడుకుని ఇలా అడిగేవాళ్లను నమ్మొద్దని రిజర్వ్ బ్యాంకు 2021లోనే చెప్పింది. బాబాయి వింటేగా! అందుకే ఆ ఫీజేదో తమరి లక్షల్లోంచే మినహాయించుకోమని నేనే అతనికి చెప్పాను. అప్పటి నుంచి ఫోను ఎత్తడం లేదండి.

ఇట్లు,
తమర్ని టీ కొట్టులో మార్చేద్దామని చూస్తున్న
అబ్బాయి