పిల్లలకు మండువా ఇంట్లో విసుగా?
పిల్లలతో వెళ్లేవాళ్లకు పాత పెంకుటిళ్ల బస పనికిరాదని, టీవీ, స్విమ్మింగ్ పూల్ లేకపోతే వాళ్లకు విసుగొస్తుందని ఒక వ్యాసంలో చదివాను. నేను ఒప్పుకోను. కిందటి వానాకాలంలో కోనసీమలోని రాజోలు దగ్గర ఒక మండువా లోగిలిలో, అంటే నడిమధ్య పైకప్పు లేకుండా తెరిచి ఉండే పాత పెంకుటింట్లో, రెండు రాత్రులు ఉన్నాం. మా పాపకు 8 ఏళ్లు, బాబుకు 4. మధ్యాహ్నం వాన అందుకుంది. నాలుగు వైపుల చూరుల నుంచీ నీళ్లు ఇంటి నడిమధ్య మండువాలోకి ధారలు కడుతుంటే ఇద్దరూ ఫోన్ అవతల పడేసి గంటన్నర అక్కడే కూర్చున్నారు, కాగితం పడవలు వదులుతూ. ఆ నీళ్లు తూములోంచి ఎటు పోతున్నాయో చూడ్డానికి బాబు పెరట్లోకి ఒకటే పరుగు. పొద్దున్నే ఇంటావిడ వేడివేడి పొట్టిక్కలు, అంటే పనసాకు బుట్టల్లో ఉడికించిన ఇడ్లీలు, పెట్టారు. ఆ బుట్ట విప్పుకుని తినడం పాపకు ఎంత నచ్చిందో! ఒక్కటి మాత్రం చూసుకోవాలి. కోనసీమలో చాలా ఇళ్ల వెనకే పంటకాలువ ఉంటుంది. మేమున్న చోట పెరటి తలుపు గొళ్లెం సరిగా పడేది కాదు, రెండు రాత్రులూ నాకు టెన్షనే. అద్దె సంగతి కంటే ముందు కాలువ ఎంత దూరమో, పెరటి తలుపుకు గడియ ఉందో లేదో అడగండి. మండువా గట్టు కూడా తడిస్తే బాగా జారుతుంది, చిన్నవాళ్లను ఒంటరిగా వదలొద్దు.