తప్పు చేసిన వెంటనే బెంచీకా?

నేను కోచ్‌గా ఉన్న పిల్లల బాస్కెట్‌బాల్ జట్టులో పదేళ్ల కుర్రాడొకడు ఉండేవాడు. షాట్ వేశాక బాల్ ఇంకా గాల్లో ఉండగానే వాడి తల మా బెంచీ వైపు తిరిగిపోయేది. పడిందో లేదో కూడా చూసేవాడు కాదు. "బాల్ మీద కన్నుండాలిరా, రీబౌండ్‌కి వెళ్లు, పడకపోతే నువ్వే పట్టుకో" అని గొంతు చించుకునేవాణ్ణి. ఒకరోజు ఎవరో పేరెంట్ ఫోన్‌లో తీసిన వీడియో చూస్తుంటే అసలు సంగతి తెలిసింది. వాడు చూస్తున్నది నన్ను కాదు. నా పక్కన ఎవరైనా సబ్‌గా, అంటే వాడి బదులు ఆడటానికి వెళ్లేందుకు లేస్తున్నారేమోనని చూస్తున్నాడు.

ఆ అలవాటు చేసింది నేనే. అప్పటికి వరుసగా 6 మ్యాచ్‌లు ఓడిపోయి ఉన్నాం. పాస్ చేజారితే బయటికి, డబుల్ డ్రిబుల్ (బాల్‌ని నేలకేసి కొట్టడం ఆపి మళ్లీ మొదలెట్టడం) అయితే బయటికి, లేఅప్ (రింగ్ దగ్గరికి పరుగెత్తి ఎగిరి వేసే షాట్) మిస్సయితే బయటికి. ఇదంతా జట్టును గెలిపించడానికేనని నా నమ్మకం. పిల్లలకు మాత్రం వేరేలా అర్థమైంది: బాల్ చేతికొస్తే ప్రమాదం. ఓడిపోతున్న జట్టును ఓసారి గమనించండి. ఐదుగురిలో ముగ్గురు బాల్‌కి దూరంగా జరుగుతుంటారు. ఖాళీగా నిలబడి పాస్ కోసం చూస్తున్నట్టే ఉంటారు గానీ చేతులు కిందికి వేలాడుతుంటాయి. మనం దాన్ని బద్ధకం అనుకుంటాం. నిజానికి అది వాళ్ల లెక్క. బాల్ ముట్టుకోకపోతే తప్పు జరగదు, తప్పు జరగకపోతే బెంచీ ఎక్కక్కర్లేదు.

మన సంఘంలో పిల్లల జట్లు నడిపేవాళ్లంతా నాలాంటి వాలంటీర్లే కాబట్టి ధైర్యం చేసి చెబుతున్నాను. తప్పు చేసిన నిమిషంలో పిల్లవాణ్ణి మార్చకండి. అలిసిపోతే మార్చండి, దెబ్బ తగిలితే మార్చండి. అవతలివాణ్ణి కావాలని తోసినా, రిఫరీ మీద నోరు పారేసుకున్నా అప్పటికప్పుడు లాక్కొచ్చి కూర్చోబెట్టండి. చెయ్యి తప్పినందుకు మాత్రం వద్దు.

"మార్చకపోతే వాడికి తప్పని తెలిసేదెలా?" అంటారు. బాల్ చేజారి, అవతలి జట్టు దాన్ని పట్టుకెళ్లి 2 పాయింట్లు వేసి, గ్యాలరీ అంతా ఉస్సురుమన్నాక కూడా అది తప్పని తెలియని పిల్లవాణ్ణి నేనింతవరకు చూడలేదు. వాడికి తెలియంది ఆ తప్పు ఎందుకు జరిగిందన్నది. అది చెప్పడానికే మనం ఉన్నాం.

బాస్కెట్‌బాల్ చూసేవాళ్లకు జాన్ వుడెన్ పేరు కొత్త కాదు. 1964 నుంచి 1975 వరకు అమెరికాలోని యూసీఎల్‌ఏ అనే విశ్వవిద్యాలయం జట్టుకు 10 జాతీయ టైటిళ్లు తెచ్చిపెట్టిన కోచ్. ఆయన ఆ జట్టులో చేరింది 1948లో, మొదటి టైటిల్ వచ్చింది 1964లో అన్న సంగతి మాత్రం పెద్దగా ఎవరూ చెప్పుకోరు. 1974-75 సీజన్‌లో రోలాండ్ థార్ప్, రోనాల్డ్ గాలిమోర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఆయన ప్రాక్టీసులకు వెళ్లి, ఆయన ఆటగాళ్లతో అన్న ప్రతి మాటనూ రకాలవారీగా రాసుకున్నారు. మొత్తం 2,300 పైచిలుకు లెక్కకొచ్చాయి. వాటిలో మెప్పులు నూటికి 7 కూడా లేవు. చిరాకు పడ్డవీ దాదాపు అంతే. ముప్పావు వంతు మాత్రం ఉత్త సమాచారం. ఏం చెయ్యాలి, ఎలా చెయ్యాలి, అంతే.

అది చదివాక ఆ పాత వీడియో మళ్లీ పెట్టుకుని ఈసారి నా గొంతు లెక్కేశాను. "కమాన్!" "ఏంట్రా అది!" "ఫోకస్, ఫోకస్!" ఒక క్వార్టర్ (మ్యాచ్‌లో నాలుగో వంతు) మొత్తంలో పిల్లలకు పనికొచ్చే మాట ఒకే ఒక్కటి దొరికింది. "ఎడమ కాలు."

ఆ ఎడమ కాలి సంగతి కొంచెం చెప్పాలి. కుడిచేత్తో లేఅప్ వేసేవాడు ఎడమ కాలి మీద నుంచి పైకి లేవాలి. కుడి అడుగు, ఎడమ అడుగు, గాల్లోకి. పెద్దవాళ్లకు ఇది ఆలోచించకుండా వచ్చేస్తుంది. తొమ్మిదేళ్లవాడు పరుగెత్తుతూ, డ్రిబుల్ చేస్తూ, వెనక తరుముతున్నవాణ్ణి ఓ కంట కనిపెడుతూ ఏ కాలు ముందో గుర్తుపెట్టుకోవాలంటే ఎలా? మేం పరుగు మాన్పించేశాం. మొదట బాల్ లేకుండా రింగ్ పక్కన నిలబెట్టి ఒకే ఒక్క అడుగు. తర్వాత రెండడుగులు. ఆ తర్వాతే బాల్. చాలామందికి రెండు వారాల్లో కాళ్లు కుదిరాయి. "లేఅప్ ఎందుకు మిస్ చేశావ్?" అని అడుగుతూ అంతకుముందు రెండు నెలలు గడిపాను.

ఇంకో మాట. మనం తప్పులనేవాటిలో కొన్ని అసలు పిల్లలవే కావు. రింగ్ 10 అడుగుల ఎత్తులో ఎందుకుందో తెలుసా? 1891లో ఈ ఆటను కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ పీచ్ పళ్ల బుట్టలు కొట్టించిన బాల్కనీ రెయిలింగ్ అంత ఎత్తులో ఉంది కాబట్టి. ఎవరూ పిల్లల భుజబలం కొలిచి పెట్టలేదు. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ, అక్కడి బాస్కెట్‌బాల్ సంస్థ యూఎస్ఏ బాస్కెట్‌బాల్ కలిసి ఇచ్చిన మార్గదర్శకాల్లో 7-8 ఏళ్లవాళ్లకు 8 అడుగులు, 9-11 ఏళ్లవాళ్లకు 9 అడుగులు చాలన్నారు. అంతర్జాతీయ సమాఖ్య ఫీబా పిల్లలకు పెట్టిన మినీ బాస్కెట్‌బాల్‌లో అయితే రింగ్ ఎత్తు 2.60 మీటర్లు (దాదాపు ఎనిమిదిన్నర అడుగులు), బాల్ 5వ సైజు, అంటే పెద్దవాళ్ల బాల్ కంటే చిన్నది. మనం ఎనిమిదేళ్లవాడి చేతిలో పెద్దవాళ్ల బాల్ పెట్టి, పెద్దవాళ్ల రింగ్ చూపించి, వాడు నడుం దగ్గర్నుంచి రెండు చేతులతో విసిరితే "ఫామ్ (వేసే తీరు) బాలేదు" అంటాం.

వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రొనాల్డ్ స్మిత్, ఫ్రాంక్ స్మోల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు పిల్లల బేస్‌బాల్ కోచ్‌లతో ఏళ్ల తరబడి పనిచేశారు. తప్పు జరిగినప్పుడు తిట్టకుండా ధైర్యం చెప్పి, ఎలా సరిదిద్దుకోవాలో చూపించడం వాళ్ల శిక్షణలో ముఖ్యమైన సంగతి. అలా నేర్చుకున్న కోచ్‌ల దగ్గర మరుసటి సీజన్‌కి ఆట మానేసిన పిల్లలు నూటికి 5 మంది. ఆ శిక్షణ లేని కోచ్‌ల దగ్గర 26 మంది. 1992లో వచ్చిన అధ్యయనమది. గెలుపోటముల వల్ల వచ్చిన తేడా కాదనీ తేల్చారు.

ఇప్పుడు నేను చేసేది చాలా మామూలు పని. మ్యాచ్ ముందురోజు రాత్రి ఎవరు ఏ క్వార్టర్‌లో ఎన్ని నిమిషాలు ఆడతారో కాగితం మీద రాసుకుంటాను. పిల్లలకు చూపిస్తాను. ఎవరు ఎప్పుడు బయటికి రావాలన్నది గడియారం చూసుకుంటుంది. వినడానికి తేలికే. 2 పాయింట్ల వెనకబడి చివరి నిమిషంలో ఉన్నప్పుడు, డ్రిబుల్ సరిగ్గా రాని పిల్లవాడు కోర్టులో ఉండాలని ఆ కాగితం చెబుతుంటే తెలుస్తుంది బాధ. ఒకసారి మోసం చేశాను కూడా. కాగితం జేబులో పెట్టేసుకుని మా బెస్ట్ ప్లేయర్‌ని దింపాను. అయినా ఓడిపోయాం, ఆ రాత్రి నిద్ర కూడా పోయింది. బాగా ఆడే పిల్లల తల్లిదండ్రులు కొందరికి ఈ పద్ధతి ఇప్పటికీ నచ్చదు. వాళ్ల కోపంలో న్యాయం లేదనను. పదహారేళ్లు దాటి పోటీ జట్లలో ఆడేవాళ్లకూ ఇదే చెయ్యాలని కూడా అనను. పన్నెండేళ్ల లోపు పిల్లల దగ్గర మాత్రం నేను తగ్గను.

బెంచీ వైపు చూసే కుర్రాడి మెడ కుదుటపడటానికి సీజన్ చివరిదాకా పట్టింది. ఆఖరి మ్యాచ్‌లో వాడొక షాట్ వేశాడు, తగల్లేదు. ఆ బాల్‌ని తనే పట్టుకుని మళ్లీ వేశాడు, రింగ్‌కి తగిలి వెనక్కొచ్చింది. మూడోసారి ఇద్దరి మధ్య నుంచి ఎగిరి లాక్కుని వేశాడు. అదీ పడలేదు. ఒక్కసారి కూడా మా వైపు చూడలేదు. నా పక్కన కూర్చున్న సబ్ మాత్రం నా చేతిలో కాగితంలోకి తొంగి చూసి, "కోచ్, వాడికింకా ఎంత టైముంది?" అని అడిగాడు.