చెమటకాయల పౌడరు గారికి ఓ బెజవాడ వీపు తరఫున

మహారాజశ్రీ చెమటకాయల పౌడరు గారికి,

ఇక్కడ మేమంతా క్షేమం, వీపులు తప్ప. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, మా తోలెంత? తమరు మాత్రం డబ్బా మీద మంచుకొండ బొమ్మ వేయించుకుని అద్దం గూట్లో దర్జాగా ఉన్నారు.

ఆ మంచుకొండ సంగతే మాట్లాడాలి. మీలో ఉండేది మెంథాల్. చర్మంలోని నరాల కొసల్లో టీఆర్‌పీఎం8 అనే ప్రోటీన్ ఉంటుంది. చలి తగిలితే అది మెదడుకి కబురు పంపిస్తుంది. మీ మెంథాల్ తగిలినా అదే కబురు పంపిస్తుంది, పాపం. ‘అబ్బ, ఎంత చల్లగా ఉందో’ అని మేం కళ్లు మూసుకుంటాం. ఒంటి వేడి మాత్రం ఉన్న చోటే ఉంటుంది. ఈ గుట్టు తేల్చిన డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్‌లకు 2021లో నోబెల్ కూడా ఇచ్చారు. అయినా మీ మంచు కరగలేదు!

నిజంగా చల్లబరిచేది చర్మమే. దాని లోపలి పొరలో 20 నుంచి 40 లక్షల చెమట గ్రంథులు ఉండచుట్టుకుని కూర్చుంటాయి. అక్కణ్నించి సన్నటి గొట్టాల్లో చెమట పైకొస్తుంది. లీటరు చెమట ఒంటి మీదే ఆరితే దాదాపు 580 కిలోకాలరీల వేడి పట్టుకుపోతుంది. ఆరితేనే సుమండీ. మా ఉక్కపోతలో ఆరబెట్టిన తువ్వాలే ఆరదు. బనియను ఒంటికి అతుక్కుపోయి, చర్మం పైనుండే మృతకణాల పొర నాని ఉబ్బి, గొట్టాల మూతులు మూసుకుపోతాయి. దారి లేని చెమట లోపలే పక్కకి కారుతుంది. అప్పుడు లేచే ఎర్రటి పొక్కులే, ఆ చురుక్కు చురుక్కులే, మీ బతుకుతెరువు.

అసలే మూసుకున్న మూతుల మీదికి తమరు వేంచేస్తారు. చెమటలో కలిసి ముద్దవుతారు. మెడ మడతల్లో తెల్లటి గీతలు, చంకల్లో ఉండలు. కాయలేమో చెయ్యందని నడివీపున. గుప్పిట్లో పోసుకుని వెనక్కి కొడితే సగం గచ్చు మీదే. ‘జారి పడతావురా’ అని అమ్మ కేక.

పొడి ఒంటి మీద రాపిడి కాస్త తగ్గిస్తారు, కాదనను. కానీ చన్నీళ్ల స్నానం చేసి, తుడుచుకుని, ఫ్యాన్ కింద కూర్చుని, ఆ తర్వాత కదా మిమ్మల్ని పూసుకునేది! తగ్గించింది నీళ్లూ గాలీ, పేరు మీకు. సొమ్మొకడిది, సోకొకడిది.

ఒక్క విషయంలో మాత్రం వేళాకోళం లేదు. చంటిపిల్లల జోలికి పోకండి. మీ సన్నపొడి వాళ్ల ఊపిరితో లోపలికి పోతుందని పిల్లల డాక్టర్లు మొత్తుకుంటున్నా, మా వీధి బామ్మలు స్నానం కాగానే మిమ్మల్నే దులుపుతున్నారు. వాళ్లకి నా మాటకంటే మీ డబ్బా మీది పాపాయి నవ్వే ఎక్కువ.

కొత్త డబ్బా అచ్చు వేయించేటప్పుడు ఆ మంచుకొండ తీసేసి వదులు నూలు చొక్కా, తిరిగే ఫ్యాన్ బొమ్మలు వేయించండి. అమ్మకాలు పడిపోతాయంటారా? మాకు కరెంటు పోతూనే ఉంటుంది, మీకేం భయం లేదు.

ఇట్లు,
చొక్కా విప్పి ఈ ఉత్తరం రాస్తున్న
మీ పాత ఖాతాదారుడు