కార్బ్యురేటర్‌లో కాపురం పెట్టిన ఐసు గారికి

అయ్యా ఐసు గారూ,

మీరు క్షేమమని తెలుసు. ఎండ కాస్తున్న రోజున చొక్కా చేతులు మడుచుకుని, చెమటలు కారుస్తూ నేను చిన్న విమానంలో లూపులు (గాల్లో నిలువు చుట్లు) కొడుతుంటే, నా కాళ్ళకి నాలుగడుగుల దూరంలో ఇంజన్ కింద, గాలీ పెట్రోలూ కలిపే కార్బ్యురేటర్‌లో మీరు చల్లగా కూర్చున్నారు. క్షేమంగా లేనిది నేనే, అందుకే ఈ ఉత్తరం.

ముందు మీ తెలివికో దణ్ణం. ఐసు అంటే గడ్డకట్టే చలిలోనే వస్తుందనుకునే అమాయకుల మీదే కదా మీ బతుకంతా! బయట 25 డిగ్రీలున్నా మీకేం ఇబ్బంది లేదు, గాల్లో కాస్త తడి ఉంటే చాలు. కార్బ్యురేటర్‌లోని వెంచురీ అనే సన్నటి గొంతులో గాలి ఇరుక్కుని, వేగం పెరిగి, ప్రెషర్ పడిపోతుంది, సరిగ్గా అక్కడే పెట్రోలు ఆవిరవుతూ చుట్టుపక్కల వేడంతా లాగేసుకుంటుంది, రెండూ కలిసి 20-30 డిగ్రీలు దించేస్తాయి. ఇక మీరు ఇంజన్‌కి వెళ్ళే గాలిని తగ్గించే, పెంచే థ్రాటిల్ రేకు మీద చాప పరుచుకోవడమే తరువాయి. మామూలు కారు పెట్రోలు పోసుకుని ఎగిరేవాళ్ళ దగ్గరైతే ఇంకా త్వరగా వాలిపోతారట, అది విమానాల పెట్రోలు అవ్‌గ్యాస్ కంటే తొందరగా ఆవిరవుతుంది కాబట్టి.

అందరిలోకీ ఏరోబాటిక్స్, అంటే గాల్లో విన్యాసాలు చేసేవాళ్ళంటే మీకు ప్రత్యేకమైన అభిమానం, నాకు తెలుసు. క్రూయిజ్‌లో, ఒకే వేగంతో తిన్నగా, బుద్ధిగా పోయేవాడి దగ్గర మీరు దొరికిపోతారు. ఫిక్స్‌డ్ పిచ్ (రెక్కల వాలు మారని) ప్రొపెల్లర్ అయితే, ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే ఆర్‌పీఎం ముల్లు ఊరికే ఒక వంద కిందికి జారేసరికి వాడికి అనుమానం వస్తుంది. మా దగ్గర ముల్లు ఒక్కచోట నిలబడితే కదా! డైవ్‌లో ఎగబాకుతుంది, లూపు పైకి చేరేసరికి దిగిపోతుంది. పైగా మా ఇంజన్ దగ్గడం మాకు మామూలే. ఫ్లోట్ కార్బ్యురేటర్‌తో రోల్ (పక్కకి దొర్లడం) చేస్తూ స్టిక్ కాస్త ముందుకి నెట్టినా చాలు, మనల్ని సీట్లోంచి పైకి లేపే నెగటివ్ జీకి పెట్రోలు అది నిలిచే ఫ్లోట్ చాంబర్ పైకప్పుకి అంటుకుంటుంది, ఇంజన్ ఖళ్ళుమంటుంది. (రెండో ప్రపంచయుద్ధపు తొలి స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాలకీ ఇదే రోగం. 1941లో బియాట్రిస్ షిల్లింగ్ అనే ఇంజనీరమ్మ పెట్రోలు దారిలో చిల్లున్న చిన్న బిళ్ల పెట్టించి దాన్ని చాలావరకు అదుపు చేశారు. మీకు అలాంటి బిళ్ల ఇంకా ఎవరూ కనిపెట్టలేదు, అదే నా బాధ.) రోజూ దగ్గేవాడు ఇవాళ ఇంకో రెండుసార్లు దగ్గితే ఎవరు పట్టించుకుంటారు? మీరు దూరేది ఆ సందులోనే.

ఇక స్పిన్, అంటే విమానం గింగిరాలు తిరుగుతూ కిందికి పడడం. థ్రాటిల్ పూర్తిగా మూసేస్తాం, ముక్కు కిందికి, నేల గిర్రున తిరుగుతుంటుంది. మూసిన థ్రాటిల్ రేకు పక్కన మిగిలిన సన్నటి సందే మీకు ఇంకో వెంచురీ, అది మూసుకుపోవడానికి చిటికెడు ఐసు చాలు. ఐడిల్‌లో (థ్రాటిల్ మూసి మెల్లగా తిరుగుతూ) ఉన్న ఇంజన్ ఆర్‌పీఎం తగ్గిందా లేదా అని ఆ గిరగిరల్లో చూసే మొనగాడెవడు?

నేనైతే చూడలేదు. ఆ రోజు ఏరోబాట్ అనే చిన్న సెస్నా విమానంలో, అదే మీ పుట్టిల్లు కాంటినెంటల్ ఓ-200 ఇంజన్ ఉన్నదాంట్లో, వరసగా మూడు స్పిన్లు చేశాం. (లైకమింగ్ ఇంజన్లలో కార్బ్యురేటర్‌ని వేడి ఆయిల్ సంప్‌కి, అంటే నూనె తొట్టికి బిగిస్తారు, అక్కడ మీ ఆటలు అంతగా సాగవు. ఓ-200లో అది సంప్‌కి ఎడంగా, గాలికి వేలాడుతూ ఉంటుంది.) మూడోదాంట్లోంచి బయటపడి, ముక్కు లేపి, దర్జాగా థ్రాటిల్ తోశాను. ముల్లు 1,900 దాకా వచ్చి ఆగిపోయింది. మళ్ళీ తోశాను, తోయడానికి ఇంకేం మిగల్లేదు. అప్పుడు గుర్తొచ్చి, కార్బ్యురేటర్‌లోకి వేడి గాలి పంపే కార్బ్ హీట్ నాబ్ లాగాను.

ఇక్కడే సార్ మీ అసలు ప్రతాపం. నాబ్ లాగగానే బాగుపడాల్సిన ఇంజన్ ఇంకా పాడైంది. 1,700కి పడిపోయి, ప్యానెల్ మొత్తం టకటకా కొట్టుకోవడం మొదలైంది. మీరు కరిగి నీళ్ళయి సిలిండర్లలోకి దిగుతున్నారని నాకు థియరీ పరీక్షలో తెలుసు, 3,000 అడుగుల మీద తెలియదు. నా చెయ్యి నాబ్‌ని వెనక్కి తోసెయ్యబోయింది. పక్కనున్న ఇన్‌స్ట్రక్టర్ తన అరచెయ్యి దానికి అడ్డం పెట్టి, కిటికీలోంచి బయటికి చూస్తూనే, "ఉండనీ" అన్నారు. "సార్, ఆగిపోతోంది సార్!" "ఉండనివ్వయ్యా." పదో పదిహేనో సెకన్లు, నా లెక్కలో అరగంట. ఒక పెద్ద దగ్గు, తర్వాత ముల్లు ముక్కుతూ మూలుగుతూ 2,300 ఎక్కింది.

ఆ చెయ్యే గనక అడ్డం లేకపోతే నేనే మీ తరఫున పని పూర్తి చేసేవాణ్ణి. మీకు జీతం లేని పనివాళ్ళు మేమే కదా. సగం లాగి వదిలేసే రకం ఇంకోటుంది, "కొంచెం హీట్ చాలులే" అంటారు. బాగా చలిలో గాల్లోని తడి పలుకుల్లా గట్టిపడి ఏమీ అంటకుండా పోతుంటే, వీళ్ళు సగం వేడి పెట్టి దాన్ని సరిగ్గా మీకు నచ్చే ఉష్ణోగ్రతకి తెచ్చిపెడతారు. ఇంజన్ పూర్తిగా ఆగాక తీరిగ్గా లాగేవాళ్ళూ ఉన్నారు. ఆ వేడి గాలి వచ్చేది ఎగ్జాస్ట్ పైపు మీదనుంచి, అదేమో ఇంజన్ తిరిగితేనే కాలుతుంది. చాలాసేపు ఐడిల్‌లో దిగినా చాలు, ఆ పైపు చల్లారిపోతుంది, అంటే రోగి చచ్చాక వాడి ఒంటి వేడితోనే కషాయం కాచడం అన్నమాట. అందుకే థ్రాటిల్ మూయకముందే లాగాలి, చివరిదాకా లాగాలి. లాగితే పవర్ తగ్గుతుంది, ఫిల్టర్ లేని గాలి లోపలికి పోతుంది, నిజమే, కాబట్టి ఫుల్ పవర్‌తో లూపు కొట్టేటప్పుడు లోపలికి తోసేస్తాం. ఆ మధ్య ఖాళీల్లోనే మర్చిపోతాం.

ఎక్స్‌ట్రా 300, సూపర్ డెకాథ్లాన్ లాంటి కార్బ్యురేటర్ లేని విమానాలవాళ్ళు ఈ ఉత్తరం చదివి నవ్వుకుంటారు, నవ్వుకోనివ్వండి. ఫ్యూయల్ ఇంజెక్షన్‌లో పెట్రోలు వేడి సిలిండర్ గుమ్మం దగ్గరే పడుతుంది, మీకు కావలసిన చల్లదనం గొంతులో అంతగా దొరకదు.

దిగాక మెకానిక్ కౌలింగ్ (ఇంజన్ మీది రేకు మూత) విప్పి, టార్చి వేసి, అరగంట వెతికాడు. మీరు లేరు. వచ్చిన జాడ లేదు, కనీసం ఒక్క చుక్క తడి లేదు. గ్రౌండ్ రన్‌లో ఇంజన్ పాట పాడింది. నావైపు అతను చూసిన చూపు ఉంది చూశారూ, అదొక్కటి చాలు మీ మీద కేసు పెట్టడానికి. కానీ సాక్ష్యం ఎక్కడుంది? ఆవిరైపోయింది.

ఇట్లు,
నాబ్ చివరిదాకా లాగి, వేలు తియ్యకుండా పట్టుకున్నవాడు.

తా.క. ఇవాళ 18 డిగ్రీలు. రాత్రంతా వాన పడింది, రన్‌వే పక్కన గడ్డి ఇంకా తడిగానే ఉంది, గాలి కదలడం లేదు. పదింటికి నాకు స్పిన్లున్నాయి. మీరు ఈపాటికే బయలుదేరి ఉంటారు.