షార్ట్ చేస్తే ఆగిపోవడం ఒక్కటే రక్షణ కాదు

పాత కంప్యూటర్ నుంచి ఎస్ఎంపీఎస్ (మెయిన్స్ కరెంటును తక్కువ వోల్టుల డీసీగా మార్చే సప్లై పెట్టె) విప్పి, అది ఆన్ కావడానికి ఆకుపచ్చ తీగను నల్ల తీగకు కలిపి, నాలుగు సాకెట్లు బిగించి ‘ఇదిగో మీ బెంచ్ పవర్ సప్లై’ అని చూపించే వీడియోలు చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఆ పెట్టెను వాడుకోవద్దని నేను అనడం లేదు. చెత్తలో పడబోయే వస్తువును మళ్లీ పనిలో పెట్టడం నాకు ఎంతో ఇష్టం. నా బల్ల మీద కూడా అలాంటిది ఒకటి ఉంది. కానీ ప్రయోగాల బల్ల మీద సర్క్యూట్లకు కరెంటు ఇచ్చే బెంచ్ సప్లైకి ప్రాణమైన భాగం, అంటే కరెంటుకు మనం హద్దు పెట్టగలిగే ఏర్పాటు, అందులో లేనే లేదు. ఆ ముక్క చెప్పకుండానే కొత్తగా నేర్చుకుంటున్న పిల్లల చేతికి దాన్ని అందిస్తున్నారు. నా కోపమంతా దాని మీదే.

ప్రయోగాల బల్ల మీదకు వచ్చేది తయారై, పరీక్షలు దాటిన పరికరం కాదు. ఎక్కడో ఒక తప్పు దాగి ఉన్న సర్క్యూట్. డయోడ్ తిరగబడి ఉండవచ్చు, ఐసీ (చిప్పు), సోల్డరింగ్ లేకుండా భాగాలు గుచ్చే బ్రెడ్‌బోర్డు మీద ఒక గడి పక్కకు జరిగి ఉండవచ్చు. అసలైన బెంచ్ సప్లైలో 100 మిల్లీఆంపియర్లు దాటకుండా ముందే నాబ్ తిప్పి పెట్టుకుంటాం. సర్క్యూట్ అంతకన్నా ఎక్కువ లాగబోతే వోల్టేజీ తనంతట తానే పడిపోతుంది. మనం తప్పు వెతుక్కుంటాం, ఐసీ బతికే ఉంటుంది.

కంప్యూటర్ సప్లై పుట్టింది దీనికి సరిగ్గా వ్యతిరేకమైన పని కోసం. ప్రాసెసరూ డిస్కులూ ఎంత అడిగితే అంత, వోల్టేజీ 5 శాతం కూడా అటూ ఇటూ కాకుండా ఇవ్వడమే దాని ధర్మం. 12 వోల్టుల పసుపు తీగల మీద 15 ఆంపియర్లు, 5 వోల్టుల ఎర్ర తీగల మీద 20 ఆంపియర్లు ఇవ్వడం చాలా పాత సప్లైలకు మామూలు విషయం. దానిలోనూ రక్షణ ఉంటుంది, నిజమే. అయితే అది సప్లై తనను తాను కాపాడుకోవడానికి పెట్టుకున్నది. మన సర్క్యూట్ గోడు దానికి పట్టదు.

వీడియోల్లో అందరూ చూపించే ఆ విద్యను చూడండి. పసుపు, నల్ల తీగల కొసలు రెండూ తాకిస్తారు, సప్లై టక్కున ఆగిపోతుంది. ‘చూశారా, షార్ట్ సర్క్యూట్ రక్షణ ఉంది, భయం లేదు’ అంటారు. పూర్తి షార్ట్‌ను గుర్తించడం ఏ సప్లైకైనా తేలికే. ప్రమాదమంతా సగం షార్ట్‌లో ఉంది. తప్పుగా అమర్చిన ఒక రెగ్యులేటర్ (వోల్టేజీని స్థిరంగా ఉంచే భాగం) 6 ఆంపియర్లు మింగుతోందనుకోండి. సప్లై దృష్టిలో అది హార్డ్ డిస్కు తిరగడం లాంటి మామూలు పనే, ఆపడానికి కారణమే లేదు. 12 వోల్టులను 6 ఆంపియర్లతో హెచ్చిస్తే 72 వాట్లు. చిన్న పనులకు వాడే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. దాదాపు మూడు ఐరన్ల వేడి గోరంత భాగంలోనూ, దానికి వెళ్లే సన్నని జంపర్ తీగల్లోనూ పుడుతుంది. తీగ తొడుగు కరిగి పొగ వస్తున్నా సప్లై ఫ్యాను హాయిగా తిరుగుతూనే ఉంటుంది.

‘ఏళ్ల తరబడి వాడుతున్నాను, నాకేమీ కాలేదు’ అనేవాళ్లున్నారు. వాళ్ల మాటను నేను నమ్ముతాను. సర్క్యూట్‌కు మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు మల్టీమీటర్ మీద ఒక కన్ను వేసి, చేతిని స్విచ్ మీదే ఉంచే అలవాటు వాళ్లకుంది. ఆ అలవాటు లేని కుర్రవాడికి అదే పెట్టెను ఇచ్చి, నాకేమీ కాలేదు కాబట్టి నీకూ కాదనడం బాధ్యత గల మాట కాదు.

దీనికి మందు కష్టమైనదేమీ కాదు. 12 వోల్టుల దారిలో ఒక ఫ్యూజు, దాని తర్వాత వోల్టేజీకీ కరెంటుకూ వేరువేరు నాబ్‌లున్న స్టెప్‌డౌన్ మాడ్యూల్ (వోల్టేజీని తగ్గించి ఇచ్చే చిన్న బోర్డు) పెడితే చాలు. ఫ్యూజు తీగలను కాపాడుతుంది, మాడ్యూల్ సర్క్యూట్‌ను కాపాడుతుంది. ఒకటి ఉంది కదా అని రెండోది మానేయవద్దు, 2 ఆంపియర్ల ఫ్యూజు కాలేలోపు ఐసీ ఎప్పుడో పోతుంది. మాడ్యూల్ చేతికి వచ్చేదాకా 12 వోల్టులు, 5 వాట్ల వాహనాల బల్బు ఒకటి సిరీస్‌లో పెట్టుకోండి. ఎంత పెద్ద తప్పు జరిగినా ఆ బల్బు వెలిగి, కరెంటును 0.4 ఆంపియర్ల దగ్గర నిలిపేస్తుంది. ఇంత చిన్న కిటుకు ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, కాస్త నిదానంగా చదవండి. చాలా చవక మాడ్యూళ్లలో కరెంటును కొలిచే చిన్న రెసిస్టర్ నెగెటివ్ దారిలో ఉంటుంది. కాబట్టి మాడ్యూల్‌లోకి వెళ్లే నెగెటివ్, బయటికి వచ్చే నెగెటివ్ ఒకటి కావు. కంప్యూటర్ సప్లైలోని నల్ల తీగలేమో ఇనుప పెట్టెకూ, దాని ద్వారా గోడలోని ఎర్త్‌కూ కలిసి ఉంటాయి. మీ సర్క్యూట్‌ను యూఎస్‌బీ తీగతో డెస్క్‌టాప్ కంప్యూటర్‌కు కలిపినా, ఆసిలోస్కోప్ (సిగ్నల్‌ను తెర మీద గీసి చూపే పరికరం) ఎర్త్ క్లిప్పు తగిలించినా కరెంటు ఎర్త్ దారిన తిరిగి వెళ్లిపోతుంది. కొలిచే రెసిస్టర్‌ను తాకనే తాకదు. మీరు పెట్టుకున్న హద్దు ఉండీ లేనట్టే. కొనేముందు ఆ రెండు నెగెటివ్‌లు నేరుగా కలిసి ఉన్నాయో లేదో తెలుసుకోండి. కలిసి ఉన్న రకమే మేలు.

ఇదే ఎర్త్ కారణంగా రెండు కంప్యూటర్ సప్లైలను సిరీస్‌లో కలిపి 24 వోల్టులు రాబట్టడమూ కుదరదు. ఒకదాని పసుపు తీగను రెండోదాని నల్ల తీగకు కలపగానే ఎర్త్ ద్వారా నేరుగా షార్ట్ అవుతుంది. అప్పుడు కొందరు ఇచ్చే సలహా ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేయమని! ఈ సలహాను నేను ఎప్పటికీ క్షమించను. సప్లై లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల ఎర్త్ లేని పెట్టె సుమారు సగం మెయిన్స్ వోల్టేజీకి చేరి, ముట్టుకుంటే జివ్వుమంటుంది. లోపల ఇన్సులేషన్ దెబ్బతిన్న రోజున ఆ పెట్టె మీదా, మీ సాకెట్ల మీదా పూర్తి మెయిన్స్ నిలుస్తుంది.

మూత విప్పడం గురించి కూడా గట్టిగానే చెబుతాను, అవసరం లేదు. 230 వోల్టుల మెయిన్స్ మీద లోపలి పెద్ద కెపాసిటర్లు దాదాపు 325 వోల్టుల డీసీని పట్టి ఉంచుతాయి. దాన్ని ఖాళీ చేయాల్సిన రెసిస్టర్ పాడైతే ప్లగ్గు పీకిన తర్వాతా ఆ వోల్టేజీ అక్కడే ఉంటుంది. పైగా సాకెట్ల కోసం రేకుకు రంధ్రాలు వేస్తే లోహపు రజను బోర్డు మీద రాలుతుంది. 24 పిన్నుల కనెక్టర్‌ను నేరుగా గుచ్చుకునే చిన్న బోర్డులు దొరుకుతున్నాయి. తీగ కోయక్కర్లేదు, మూత తీయక్కర్లేదు. గోధుమరంగు తీగను ఎక్కడ కలపాలనే తలనొప్పీ ఉండదు. 3.3 వోల్టులను కొలిచే తీగ అది, కోసి గాలికి వదిలేస్తే చాలా సప్లైలు నిలబడవు.

వోల్టేజీలు నిలకడగా ఉండాలంటే 5 వోల్టుల మీద ఎప్పుడూ కొంత కరెంటు లాగేలా 10 ఓములు, 10 వాట్ల రెసిస్టర్ పెట్టమనే పాత సలహా మాత్రం సరైనదే, కానీ అన్నిటికీ కాదు. 5, 12 వోల్టులను ఒకే కంట్రోల్‌తో నడిపే పాత డిజైన్లలో 12 మీద మాత్రమే బరువు వేస్తే 12 కిందికి దిగుతుంది, 5 పైకి పోతుంది. వాటికి ఆ అర ఆంపియర్ లోడు కావాలి. 12 నుంచి మిగతా వోల్టేజీలను విడిగా తయారుచేసే కొత్త సప్లైలకు సాధారణంగా దాని అవసరం ఉండదు.

ఇన్ని చెప్పాక కూడా, స్థిరమైన 12 వోల్టులు బోలెడంత కరెంటుతో కావాల్సిన చోట ఈ పెట్టె గొప్ప వస్తువే. ఎల్ఈడీ పట్టీలు, మోటార్లు, ఫ్యాన్లు, హీటర్లు దాని మీద నిక్షేపంగా నడుస్తాయి. మైక్రోఫోన్ ప్రీయాంప్లిఫయర్ లాంటి సున్నితమైన సర్క్యూట్లకు మాత్రం వద్దు. కంప్యూటర్ సప్లైలు పాటించే ఏటీఎక్స్ ప్రమాణమే 12 వోల్టుల మీద 120 మిల్లీవోల్టుల దాకా అలజడిని, అంటే వోల్టేజీ చిన్నగా ఎగుడుదిగుడు కావడాన్ని, అనుమతిస్తుంది.

వీడియోలు చేసేవాళ్లను నేను అడిగేది ఒక్కటే. తీగలు తాకించే ఆ విద్య మానేసి, ఈసారి పసుపు, నల్ల తీగల మధ్య 2 ఓముల పెద్ద రెసిస్టర్‌ను రేకు హీట్‌సింక్ మీద బిగించి పెట్టండి. సప్లై ఆగుతుందో, రెసిస్టర్ కాగుతుందో కెమెరా ముందే చూపించండి. తర్వాత అదే రెసిస్టర్‌ను 100 మిల్లీఆంపియర్లకు కట్టడి చేసిన మాడ్యూల్‌కు తగిలించి, మీటరు మీద వోల్టేజీ 0.2కు పడిపోవడం కూడా చూపించండి.