చీకటిని అన్వేషించువారికి కొన్ని సూచనలు

రక్తపాతం, చిత్రహింసలు, అత్యాచారాలు చూపించే రచయితలనీ, దర్శకులనీ, గేములు చేసేవాళ్లనీ జనం ఊరికే ఆడిపోసుకుంటున్నారు. పాపం, వాళ్లు చేస్తున్నది అన్వేషణ. మనిషి మనసు లోతుల్లోకి దిగుతున్నారు. దిగినవాళ్లకి పైకి రాబుద్ధి కాకపోతే అది లోతు తప్పు గానీ వాళ్ల తప్పా?

అయినా లోకం నోరు మూయించాలంటే కొన్ని జాగ్రత్తలు తప్పవు. ఒకటి బాగా పాతది. హాలీవుడ్‌లో 1934 నుంచి, సినిమాల్లో ఏం చూపించొచ్చో ఏం చూపించకూడదో చెప్పే హేస్ కోడ్ గట్టిగా అమలైంది. నేరం మీద ప్రేక్షకుడికి సానుభూతి కలగకూడదని దాని నియమం. అందుకని చివర్లో నేరస్థుడు దొరికిపోవడమో చావడమో ఆనవాయితీ అయింది. ఎంత సదుపాయం! రెండు గంటలపాటు విలన్ చేత చేయించదలచుకున్నదంతా చేయించి, ఆఖరి రెండు నిమిషాల్లో చంపేస్తే చాలు. విజిల్స్ ఆ రెండు గంటలకి, నీతి ఈ రెండు నిమిషాలకి.

అత్యాచారం సీను తీసేవారు కెమెరా ఎక్కడ పెట్టాలో బాగా ఆలోచించుకోవాలి. స్లో మోషన్ తప్పనిసరి. వర్షం కూడా కురిస్తే మరీ మంచిది. ఆ తర్వాత ఆమె ఏమైంది? హీరోకి కోపం వచ్చింది కదా, ఇక ఆమెతో పనేముంది? ఆ రాత్రి నిద్రపోయిందా, పోలీస్ స్టేషన్లో ఎంతసేపు కూర్చోబెట్టారు, చెప్పిందే ఎన్నిసార్లు చెప్పించారు, ఇవన్నీ చూపిస్తే సినిమా ల్యాగ్ అవుతుంది. విలేకరులు అడిగితే సమాజానికి అద్దం పట్టామనండి. అద్దం సరిగ్గా అక్కడే, అంత దగ్గరగా ఎందుకు పట్టారని అడిగే విలేకరి ఇంకా పుట్టలేదు.

గేముల వాళ్లకి నేను కొత్తగా నేర్పేదేం లేదు. కాల్ ఆఫ్ డ్యూటీ అనే యుద్ధం గేములో ఆటగాడు చచ్చినప్పుడల్లా తెర మీద యుద్ధం గురించి పెద్దల సూక్తులు పడేవి. చదివి కళ్లు చెమర్చేలోపే ఆట మళ్లీ మొదలు, చేతిలో మళ్లీ తుపాకీ. ఈ లైన్లో బొత్తిగా వ్యాపారం తెలియనివాళ్లూ ఉన్నారు. 2014లో వచ్చిన దిస్ వార్ ఆఫ్ మైన్‌లో మనం సైనికులం కాదు, ముట్టడిలో ఇరుక్కున్న ఊళ్లో మామూలు జనం. ఆకలికి తాళలేక ఒక ముసలి దంపతుల ఇల్లు దోచుకుంటే పాయింట్లేమీ రావు సరికదా, మన పాత్రలే చేసినదానికి కుంగిపోతాయి. డబ్బు పెట్టి గేమ్ కొన్నవాడికి ఇదేం మర్యాద?

ఇక నిషేధించాలనే పెద్దల పాండిత్యం వేరు. కార్‌మగెడాన్ అని 1997లో ఒక గేమ్ వచ్చింది. దారినపోయేవాళ్లని కారుతో గుద్దితే అందులో బహుమానం. బ్రిటన్‌లో మొదట మనుషుల్ని జాంబీలుగా మార్చి, నెత్తురుకి ఆకుపచ్చ రంగు వేసి విడుదల చేశారు. జర్మనీలో ఏకంగా రోబోలు. గుద్దడం అలాగే ఉంది, బహుమానమూ అలాగే ఉంది. రంగు మారేసరికి నైతికత కాపాడబడింది.

మన భారతంలో సౌప్తికపర్వాన్ని మించిన ఘోరం ఏ గేములో ఉంది? అర్ధరాత్రి అశ్వత్థామ శిబిరంలో చొరబడతాడు. కనీసం ఆయుధంతో చంపమని ధృష్టద్యుమ్నుడు వేడుకున్నా వినక కాళ్లతో తొక్కి చంపుతాడు. ఉపపాండవులనీ వదలడు. తిక్కన ఇదంతా తెలుగు చేశాడు, ఎవరూ నిషేధించమనలేదు. కాకపోతే ఆ వెంటనే స్త్రీపర్వం కూడా రాశాడు. యుద్ధభూమిలో ఆడవాళ్లు తమవాళ్ల శవాలు వెతుక్కోవడం, గాంధారి కృష్ణుణ్ణి శపించడం, ఒక పర్వమంతా ఏడుపే. ఇవాళైతే నిడివి ఎక్కువైందని స్త్రీపర్వాన్ని ఎడిటింగ్ టేబుల్ మీదే లేపేసి, సౌప్తికం పార్ట్ టూకి అడ్వాన్సులు ఇచ్చేసేవాళ్లు.